పొట్టి టమాటా ఆకు మీద మచ్చ

జూన్ 3
ఆయనకి స్టెంట్ వేశాక లీవ్‌లో ఇంట్లో కూర్చోబెట్టడం నా వల్ల కావడం లేదు. టీవీ పెడతాడు, కట్టేస్తాడు. ఫ్యాన్ స్పీడ్ మారుస్తాడు. పెళ్ళికి ముందు నుంచీ సిగరెట్ పట్టుకున్న చేతులు ఊరికే ఉంటాయా? ఇంకొక్కటి కాల్చినా నా దగ్గరికి తీసుకురావద్దని డాక్టర్ మొహం మీదే చెప్పాడు. అందుకే పొట్టి టమాటా నారు తెచ్చాను. మోకాలెత్తు దాటవట, పందిరీ కర్రలూ అక్కర్లేదు, స్టూల్ మీద కూర్చునే చూసుకోవచ్చు. కిటికీ దగ్గర మూడు కుండీలు ఆయనవి, బాల్కనీలో మూడు నావి.

జూన్ 15
ఆయన మొక్కలే ముందున్నాయి. ఆకుల్ని నిమిరి నిమిరి పెంచుతున్నాడు. పెళ్ళైన కొత్తలో నన్ను కూడా ఇంత ముద్దు చెయ్యలేదు. పొద్దున వాకింగ్‌లో నా చెయ్యి పట్టుకునే నడుస్తున్నాడు. ఆయాసమా అంటే కాదు, ఊరికేనట. సిగ్గేసింది. బాగుంది కూడా.

జూన్ 24
ఆయన మొక్కల ఆకులు ముడుచుకుంటున్నాయి. ఈ రకానికి ఆకు పుట్టుకతోనే ముడతలుగా ఉంటుందని కొన్నప్పుడే చెప్పారు. అనవసరంగా కంగారు.

జూన్ 29, మధ్యాహ్నం
కాదు. ముడత వేరు, ఇది వేరు. ముదురుపచ్చ, లేతపచ్చ కలిసిపోయి మచ్చలు. నా వాటికి ఏమీ లేదు. ఒక ఆకు కవర్లో వేసుకుని నర్సరీకి పరిగెత్తాను. నర్సరీ అతను చూడగానే మీ ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతారా అమ్మా అని అడిగాడు. పొగాకులో ఉండే తెగులు వేళ్ళకి అంటుకుని టమాటాకి వస్తుందట. అదే అని గ్యారంటీ లేదట గానీ, తను ముందు అదే అడుగుతాడట. మానేశారు అన్నాను. ఆటోలో దారంతా ఆ ఆకునే తిప్పి తిప్పి చూశాను.

సాయంత్రం 6
అడిగేశాను. ఇంతెత్తున లేచాడు. ఆకు మీద మచ్చ పడితే మొగుడి మీద కేసు పెడతావా అన్నాడు. జేబులు వెతికాను, స్కూటర్ డిక్కీ వెతికాను. ఏమీ లేదు. అనుమానప్పక్షిలా తయారయ్యాను.

జూలై 1
అన్నీ పీకేశాను. కుండీలు, మట్టి, నారు, అన్నీ కొత్తవి. అన్నీ బాల్కనీలోనే. నేను తప్ప ఎవరూ ముట్టుకోకూడదు.

జూలై 22
వీటికీ అదే మచ్చ! ఆయన బాల్కనీ గడప కూడా దాటలేదు. ముట్టుకున్నది నేనొక్కదాన్నే. ఆఫీసులో రోజంతా ఇదే గోల, ఒకే బిల్లు రెండుసార్లు కొట్టాను. బస్సులో ఉండగా తట్టింది. వాకింగ్ నుంచి రాగానే చెయ్యి కూడా కడుక్కోకుండా మొక్కల దగ్గరికి పోతాను. అప్పటిదాకా ఆ చెయ్యి ఆయన చేతిలో ఉంటుంది. వాకింగ్‌కి ముందు పాల ప్యాకెట్‌కని ఆయన ఒక్కడే కిందికి వెళ్ళొస్తాడు.

జూలై 23
చెప్పేశాను. ఈసారి కేకల్లేవు. తన వేళ్ళు చూసుకున్నాడు. తర్వాత ఒక్కటే అడిగాడు, సబ్బుతో కడిగినా పోదా అని. అంటే కడుగుతూనే ఉన్నాడన్నమాట! ఇంత కోపం నాకెప్పుడూ రాలేదు, ఇంత భయం కూడా. మొక్కలు పోతే మళ్ళీ నారు తెచ్చుకుంటాను, మీరు పోతే ఎక్కణ్ణుంచి తెచ్చుకోను అని అరిచాను. ఏడ్చాను. మానేస్తానన్నాడు.

జూలై 25
ఆయనే వెళ్ళి కొత్త నారు తెచ్చాడు, వేలు తగలకుండా ట్రేతో సహా. ఇవి బాగుంటేనైనా నమ్ముతావా అన్నాడు. నమ్ముతాను అన్నాను.

ఆగస్టు 9
పూత పట్టింది. చూశావా అన్నాడు. చూశాను.

ఆగస్టు 18
మొక్కలు నిగనిగలాడుతున్నాయి. ఒక్క మచ్చ లేదు.

కొత్త నారు తెచ్చినప్పటి నుంచీ ఆయన నా చెయ్యి పట్టుకోలేదని ఇవాళ వాకింగ్‌లో తట్టింది. చెయ్యి చాపాను. ఆయన జేబుల్లోంచి చేతులు తియ్యలేదు.