పిడి విప్పమని చెప్పు

చిరంజీవి పిడికిలికి,

అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ, మీ నాన్నా, కొలిమీ బాగానే ఉన్నాం. నువ్వూ బాగున్నావని నీ ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. బాగుండక ఏం, కత్తిసాము నేర్పుతూ కంటికి రెప్పలా చూసుకునే గురువమ్మ ఉన్నారు కదా.

అడిగినవాటికి ముందు జవాబులు చెప్పేస్తాను. మీ నాన్న నడుంనొప్పి తగ్గింది. అంత వంగి కూర్చుని కత్తుల ఒరలు చెక్కొద్దు, బల్ల ఎత్తు పెంచుకోండి అని ఏళ్ల తరబడి నెత్తీ నోరూ బాదుకున్నాను. చెవిన పెట్టలేదు. నీ ఉత్తరంలో "మా గురువుగారు బల్ల ఎత్తు పెంచుకోమన్నారు" అని చదివిన సాయంత్రమే బల్ల కాళ్ల కింద చెక్కలు పెట్టుకున్నారు. ఇప్పుడు ప్రాణం హాయిగా ఉందట. "ఆవిడ మాట నిజమేనే" అని వచ్చి నాతోనే అన్నారు. ఒళ్లు మండి ఆ పూటంతా ఆయనతో మాట్లాడలేదు.

బేరాల సంగతి అడిగావు. పర్వాలేదు. మొన్న నాటకాల కంపెనీ మేనేజరు వచ్చాడు, రాజు వేషానికి కత్తి కావాలని. "వంపు ఇంకా పెంచండమ్మా, వెనకబెంచీల వాళ్లకి కూడా కనబడాలి" అన్నాడు. "వంపు చూడ్డానికి కాదు నాయనా, కొయ్యడానికి. తిన్నటి కత్తి తగిలినచోట ఆగిపోతుంది. వంపున్నది తగిలాక జారుతుంది, జారుతూ కోస్తుంది. నువ్వు చెప్పినంత వంచితే ఒరలోంచి బయటికి తియ్యడానికే నీ రాజుకి ఒక అంకం పడుతుంది" అన్నాను. నవ్వి ఒప్పుకున్నాడు. మీ నాన్న ఊరుకోవచ్చు కదా, "మా అమ్మాయి వాళ్ల గురువుగారైతే ఏమంటారో" అన్నారు. ఈ ఇంట్లో పిల్లి అరిచినా ఆవిడ అభిప్రాయం కావాలి ఈయనకి.

ఇక అసలు విషయం. దెబ్బ మణికట్టు నుంచి కాదు, భుజం నుంచి రావాలని ఆవిడ చెప్పారట, నువ్వేమంటావని అడిగావు. ఏమంటాను? పిడి చివర ఆ బిళ్ళ ఎందుకుందో ఆవిడ చెప్పేదాకా నీకు తెలియదా? మణికట్టును మడవనివ్వకుండా ఆపడానికే. పిడి ఇరుకుగా ఉండేదీ అందుకే, పాతకాలంవాళ్ల చేతులు చిన్నవని కాదు. చెయ్యి అందులో బిగుసుకుపోతే చెయ్యీ కత్తీ కలిసే కదులుతాయి. నరకకూడదు, తగిలించి నీవైపు లాక్కోవాలి. ఇదంతా నీకు గౌను వేసుకునే వయసులోనే చెప్పాను. నేను చెబితే ఆవలించావు. ఆవిడ చెబితే ఒళ్లు జలదరించిందట.

ఇంకోటి కూడా కడుపులో ఉంచుకోలేను. "అమ్మ నా చూపుడువేలు పట్టుకుని, పిడి ముందున్న అడ్డకమ్మీ మీదుగా మెలివేసి చూపించారు" అని రాశావు. నేనెప్పుడు చూపించానా అని కాసేపు బుర్ర గోక్కున్నాను. తరవాత అర్థమైంది, ఆ అమ్మ నేను కాదు. దాచడమెందుకు, కుళ్లుకున్నాను. నిన్ను కన్నది నేను, నీ పాలపళ్లు ఊడక ముందే నీ చేతికి చెక్క కత్తి ఇచ్చింది నేను, ఇప్పుడు నీ వేలు ఎలా మెలివెయ్యాలో ఇంకొకావిడ చూపిస్తోంది, పైగా అమ్మట. చదివి ఉత్తరం మడిచి బల్లమీద పడేశాను. మళ్లీ తీసి చదివాను.

నీ కత్తి గురించి రాసింది అప్పుడే సరిగ్గా చూశాను. గురువుగారి కత్తితో కొడితే తడిమట్టి దిమ్మ నున్నగా తెగి, పైముక్క కదలకుండా కూర్చుంటోంది. నీ కత్తితో కొడితే మాత్రం తెగీ తెగకుండా పక్కకి తోసుకుపోతోంది. పిడి వేడిచేసి విప్పి చూడండని నువ్వు అడిగితే, బిగించినవాళ్లు ఒప్పుకోనిదే విప్పకూడదని ఆవిడ అన్నారు. అది మాత్రం మా పనిలో ఉన్న మర్యాదే, కాదనను. నెలాఖరు పరీక్షకి ఎవరి కత్తి వాళ్లే పట్టాలి, నెగ్గితే అక్కడే కొత్తవాళ్లకి నేర్పమని ఉంచేసుకుంటారు, ఓడితే ఇంటికి రావడమే. ఏం చెయ్యమంటావని అడిగావు.

చదవగానే మంచి పనయింది అనుకున్నాను. ఆవిడ నీ చెయ్యి పాడుచేసింది, మూటాముల్లే సర్దుకుని వచ్చెయ్యి అని రాద్దామనుకున్నాను. నీ గదిలో మీ నాన్న పేర్చుకున్న చెక్కలన్నీ బయటికి లాగేసి, గది ఊడ్చి, దుప్పటి మార్చాను. "ఎవరొస్తున్నారేమిటి" అన్నారాయన. "ఎవరో ఒకరు" అన్నాను.

నిజం ఏమిటంటే, ఆవిడ నీ చెయ్యి పాడుచెయ్యలేదు. బాగుచేసింది. వంకర కత్తిలో ఉంది. పెట్టింది నేను.

చిన్నప్పటి నుంచీ దెబ్బ చివర్లో నీ చెయ్యి కాస్త లోపలికి తిరిగేది. పదును తిన్నగా దిగేది కాదు. గట్టిగా చెబితే ఏడ్చేదానివి, నువ్వేడిస్తే నాకు పని సాగేది కాదు. నీ కత్తి బిగించిన రోజున, బోలుగా ఉన్న పిడిలో లక్క నింపి, కాల్చిన కత్తి అలుగు మొదలు అందులోకి దించాక, లక్క గట్టిపడకముందే అలుగును నూలుపోగంత పక్కకి తిప్పి పట్టుకున్నాను. నీ చెయ్యి ఎంత తిరుగుతుందో అంత, రెండోవైపుకి. మర్నాడు దిమ్మ వెన్నలా తెగింది. నువ్వు గంతులేశావు, నేను మురిసిపోయాను. ఒక కాలు పొట్టిదైతే ఆ చెప్పుకి అట్ట వేయిస్తాం కదా, ఇదీ అంతే అనుకున్నాను. ఎవరి కత్తి పట్టినా నీకు కుదరకపోవడం, మళ్లీ నా కత్తికే రావడం చూసి లోపల్లోపల సంతోషించాను కూడా.

నీ చిన్నతనమంతా నాకు చేతకానిది ఆవిడ ఒక్క వానాకాలంలో చేసింది, నీ చెయ్యి తిన్నబడింది, కత్తిలో నా వంకర మాత్రం మిగిలింది. అది నాకు మింగుడుపడలేదు, ఇప్పటికీ పడటంలేదు. అందుకే ఇన్నాళ్లు జవాబు రాయలేదు. పనెక్కువై కాదు. నేను నోరు మూసుకుంటే చాలు, నువ్వు ఓడిపోతావు, ఇంటికొస్తావు.

చివరికి మీ నాన్నకి చెప్పేశాను. తిడతారనుకున్నాను, తిట్టలేదు. ఒర చెక్కుతూనే, "అలా ఓడిపోయి వచ్చేది మన పిల్లేనంటావా?" అన్నారు.

"ఎలాగైతేనేం, వస్తుంది కదా" అన్నాను.

ఆయన లేచి, బయట ఉన్న చెక్కలు ఒక్కొక్కటే తీసుకెళ్లి మళ్లీ నీ గదిలో పేర్చడం మొదలుపెట్టారు. నడుంనొప్పి మనిషి కదా అని చివరికి నేనూ రెండు అందించాను.

కాబట్టి ఆవిడతో పిడి విప్పమని చెప్పు, నేను ఒప్పుకున్నానని చెప్పు. పరీక్ష దాకా ఆగొద్దు. పిడి మీది వెండితీగ పని చెడకుండా సన్నటి సెగ మీద వేడిచేయమను. తేలిగ్గా ఊడిరాదు, నేను బిగించింది. వంకరగా బిగించినా ఎంత గట్టిగా బిగించానో ఆవిడకీ కాస్త తెలియాలి. పాత లక్క అంతా గీకేసి, కొత్తది పోసి, నీ చేతికి పిడి ఇచ్చి, ఇప్పటి నీ చెయ్యి చూసి అలుగును తిన్నగా నిలపమను. ఈ వంకర ఎవరిది అని అడిగితే మా అమ్మదని చెప్పు.

ఆ పని నేనే వచ్చి చేద్దామనుకున్నాను. సంచి కూడా సర్దాను. లక్క వేడిగా ఉండగా నువ్వు ఎదురుగా నిలబడితే, మళ్లీ నూలుపోగంత నావైపుకి తిప్పేస్తానేమోనని భయమేసింది. అందుకే రావడంలేదు. ఆవిడతోనే పోయించుకో.

ఇట్లు,
ఇంకా కుళ్లుకుంటూనే ఉన్న
మీ అమ్మ