అలిగిన అల్లుడు

చిట్టీ,

అన్నయ్య దీవెనలు. ఇక్కడ అమ్మ, మీ వదిన, నేను కులాసాగానే ఉన్నాం. నువ్వు కూడా కులాసాగా ఉండాలని కోరుతూ రాస్తున్నాను. ఎప్పుడూ చెయ్యి అలవాటుగా రాసేసే ముక్కే ఇది. ఈసారి మాత్రం రాసి, ఆగి, మళ్ళీ చదువుకున్నాను.

ముందు ఒక్క మాట. ఈ ఉత్తరం ఆఖరు దాకా చదవకుండా నువ్వు కట్టిస్తున్న ఆ వంతెన మీద కాలు పెట్టకు. శనివారం సాయంత్రం పని దిగాక అందరికంటే ముందు నువ్వే నడుస్తానని పందెం కాశానని రాశావు. ఓడిపో. ఎందుకో వరసగా చెబుతాను. లెక్క చూపించందే ఎవరి మాటా వినని దానివి, నాకు తెలియదా.

నీ ఉత్తరం నిన్న సాయంత్రం మీ వంతెన పనికి సామాన్లు మోసే వ్యాను డ్రైవర్ తెచ్చిచ్చాడు. "మీ చెల్లెలుగారు బలే మొండి సార్. వాన పడుతున్నా లోయ అంచునే నిలబడతారు" అన్నాడు. అమ్మ లోపలి నుంచే, "చిన్నప్పుడు గోడలెక్కుతుంటే నువ్వే కదరా కిందనుంచి ఎగదోసింది" అని నన్ను అంది. అందరి ముందూ నవ్వాను గానీ ఆ మాట గుచ్చుకుంది.

అమ్మ కన్ను గురించి అడిగావు. కట్టు విప్పేశారు, చూపు బాగా వచ్చింది. ఇన్నాళ్ళూ కనబడని దుమ్మంతా ఇప్పుడు కనబడుతోందట, మీ వదినకు కొత్త కష్టాలు మొదలయ్యాయి. చలికోటు చేతులు పొడుగయ్యాయన్నావు. మడుచుకోమంది మీ వదిన. ఇక మూడో ప్రశ్న: "కంప్యూటర్లో పెట్టిన ఆ కొత్త ప్రాసెసర్ పెట్టె మీద సీలు చింపి ఉందేం అన్నయ్యా?" దానికీ జవాబు చెబుతాను. కాస్త ధైర్యం కూడదీసుకోవాలి.

మూడు నెలల క్రితం సంగతి. మా పని నీకు తెలిసిందే. కొత్త ప్రాసెసర్ బజారులోకి రాకముందే మాకొకటి పంపుతారు. నేనూ, నాతో పనిచేసే మా సోడాబుడ్డీ దాన్ని వారం రోజులు వాయగొట్టి, ఎంత వేగం, ఎంత వేడి అని రాస్తాం. అందరి సమీక్షలూ ఒకే రోజు ఒకే గంటకు తెరుచుకోవాలని కంపెనీ నియమం. ఆ గంటకు నీది లేకపోతే నువ్వు రాసినా ఒకటే, రాయకపోయినా ఒకటే. పెళ్ళి భోజనాలయ్యాక విస్తరి పట్టుకొచ్చినట్టు ఉంటుంది.

ఆ రోజు మా వెబ్‌సైటులో పాఠకులు కబుర్లాడుకునే ఫోరంలో పొద్దుటి నుంచే జనం చేరారు. వీళ్ళ పిచ్చి నీకు చెబితే నమ్మవు. "చల్లగాలి" అని ఒకాయన ఉన్నాడు, పళ్ళ డాక్టరు. కుర్చీలో మనిషిని నోరు తెరిపించి కూర్చోబెట్టి, పక్క గదిలోకొచ్చి ఫోన్లో మా పేజీ చూసుకుంటాడు. "గుర్రబ్బండి" అని ఇంకొకాయన, పాతదే బంగారం అని ఏడాదంతా పోట్లాడి, కొత్తది రాగానే అందరికంటే ముందు కొంటాడు. గంట కొట్టింది. మా సమీక్ష తెరుచుకుంది. పాతదానికంటే సగానికి సగం ఎక్కువ వేగం! ఫోరం ఊగిపోయింది. "ఏడ్చాను అన్నా, నిజంగా ఏడ్చాను" అని రాశాడు డాక్టరు. ఎవరో మా గ్రాఫును అచ్చు వేయించి గోడకు తగిలించుకుని ఫోటో పెట్టాడు. నా ఛాతీ ఉబ్బలేదని అబద్ధమెందుకు చెప్పను, ఉబ్బింది.

ఆ సందడిలో ఒక్కడే వేరుగా మాట్లాడాడు. ఫోరంలో అతని పేరు "ముల్లు". అతను ఇలా రాశాడు: "మూడు సార్లు నడిపి, తేడాగా వచ్చింది తీసేశామని కింద చిన్న అక్షరాల్లో రాశారు. తేడా దేంట్లో? వేగంలోనా, జవాబులోనా?"

మా పద్ధతి నీకు నేనే నేర్పాను కదా. ఏ పరీక్షయినా మూడు సార్లు నడపాలి. రెండు అంకెలు దగ్గరగా వచ్చి ఒకటి దూరంగా కూర్చుంటే, దాన్ని మేం "అలిగిన అల్లుడు" అంటాం. అలిగితే అలిగాడు, బతిమాలుకుంటూ కూర్చుంటే వంట చల్లారిపోతుందని పక్కన పెట్టేసి, మిగిలిన రెండింటి సగటు తీసుకుంటాం. సోడాబుడ్డి పెట్టిన పేరది. నీకు చెప్పినప్పుడు కడుపు పట్టుకుని నవ్వావు.

ఫోరంలో అందరూ ముల్లు మీద పడ్డారు. "పేరుకు తగ్గట్టే గుచ్చుతున్నాడు", "పండగ ఇంట్లో తుమ్మడానికొచ్చాడు". నేనేం చేశానో తెలుసా? ఆ ప్రశ్న తీసేశాను. రెండోసారి అడిగితే మనిషినే తీసేశాను. పక్కనే ఉన్న సోడాబుడ్డి, "పాపం, మర్యాదగానే అడిగాడు కదరా" అన్నాడు. "మర్యాదగా అడిగినవాడే ప్రమాదం" అన్నాను నేను. తెలివిగా అన్నానని కూడా అనుకున్నాను.

నెల తిరిగేసరికి ఫోరంలో చిన్న చిన్న గొణుగుళ్ళు మొదలయ్యాయి. చల్లగాలి తన ఫోటోలు కాపీ చేస్తే కొన్ని పాడయ్యాయన్నాడు. నీ మెమరీ మార్చుకో అన్నాం. ఇంకొకరికి జీతాల పట్టికలో కూడిక తప్పొచ్చింది. కళ్ళజోడు మార్చుకో అన్నారు. కంప్యూటర్ ఆగిపోతే అందరూ అరుస్తారు చిట్టీ. ఆగకుండా, నిండా ధీమాగా, తప్పు చెబుతుంటే ఎవరు అరుస్తారు? ఎవరికి వాళ్ళు తమదే పొరపాటనుకుని ఊరుకున్నారు. వారం వారం ఆ గొణుగుళ్ళు పెరుగుతూనే ఉన్నాయి. నేను చదువుతూనే ఉన్నాను, ఒక్కదానికీ జవాబు రాయలేదు.

మొన్న మంగళవారం మా ఆఫీసుకు ఒక పెద్దాయన వచ్చాడు. అరవై ఏళ్ళుంటాయి, సన్నగా ఉన్నాడు, చేతిలో అన్నం సంచి. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"నేనే సార్, ముల్లుని" అన్నాడు.

సోడాబుడ్డి కళ్ళద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"పోట్లాటకు రాలేదు లెండి. మీరు రాసింది చదివే నేనూ మొదటి రోజునే కొన్నాను. నా పని తూకాలు బాగుచేయడం. కొట్ల వాళ్ళు, మందుల షాపుల వాళ్ళు తెస్తుంటారు. రెండు తూకాలు ఒకే మాట చెప్పి మూడోది ఇంకో మాట చెబితే, మూడోదే తప్పని మేం అనం సార్. ఆ రెండూ ఒకే చోట అరిగి ఉండొచ్చు."

సంచిలోంచి గుడ్డలో చుట్టిన ప్రాసెసర్ తీసి బల్ల మీద పెట్టాడు. సాయంత్రం దాకా మాతోనే ఉన్నాడు. కోర్లంటే ఏమిటో నీకు చెప్పక్కర్లేదు గానీ, అమ్మకు చెప్పినట్టే చెబుతాను. ఆ ప్రాసెసర్‌లో ఎనిమిదిమంది గుమాస్తాలు ఉన్నారనుకో. వచ్చిన పని ఎవరి బల్ల మీద పడుతుందో మనం చెప్పలేం. ఈయన ఏడుగుర్ని ఇంటికి పంపించి ఒక్కొక్కణ్ణే కూర్చోబెట్టి చూశాడు. ఏడుగురు సరిగ్గానే చెప్పారు. ఒక్కడు మాత్రం ఒక రకం గుణకారం వచ్చినప్పుడల్లా తప్పు చెప్పాడు. ఎన్నిసార్లు అడిగినా అదే తప్పు, అక్షరం మారదు. ఆ గుమాస్తాకే పని ఎక్కువగా పడుతుంది, ఎందుకంటే అందరిలోకీ చురుకైనవాడు వాడే.

"మరి మూడు సార్లు నడిపితే?" అన్నాను.

"రెండుసార్లు వాడి చేతిలో పడుతుంది సార్. రెండు తప్పులు ఒకేలా ఉంటాయి. నిజం చెప్పినవాడు ఒంటరివాడైపోతాడు."

పెద్దాయన వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "మీకు పంపినది ఎక్కడుంది సార్? దాన్నీ చూద్దాం" అన్నాడు. ఎవరికో ఇచ్చేశానన్నాను. ఇప్పుడు నీ మూడో ప్రశ్నకు జవాబు వస్తోంది చిట్టీ.

నీ కంప్యూటర్లో ఉన్నది కొత్తది కాదు. కొట్లో కొన్నానని నీతో చెప్పింది అబద్ధం. మాకు పంపినదే, నేను పరీక్ష చేసినదే, నీ కంప్యూటర్లో బిగించి ఇచ్చాను. దేశంలో అందరికంటే ముందు మా చెల్లి చేతికి వచ్చిందని గొప్ప చెప్పుకుందామనుకున్నాను. అంతవరకైతే నువ్వు క్షమిస్తావు. మిగతాది విను. ముల్లు అడిగిన ప్రశ్నకు జవాబు నాకు ఆ రోజే తెలుసు. తేడా వేగంలో కాదు, జవాబులో. ఆ పరీక్ష చివర ఒక పొడుగాటి అంకె వస్తుంది, ఏ ప్రాసెసర్ మీదైనా అదే రావాలి. రెండుసార్లు ఒకటి వచ్చింది, మూడోసారి ఇంకొకటి. వేగం తేడా అయితే పక్కన పెట్టొచ్చు, జవాబు తేడా వస్తే పని ఆపి వెతకాలి. ఈ వృత్తిలో మొదటి నెలలో నేర్చుకునే పాఠమది. గడువు గంటకు ఇంకా నలభై నిమిషాలుంది. అల్లుడు అలిగాడులే అని నవ్వేసి తీసేశాను. సోడాబుడ్డికి కూడా చెప్పలేదు.

నిన్న బుధవారం పాత కంప్యూటర్ మీద అదే పరీక్ష మళ్ళీ నడిపాను. మూడు నెలల క్రితం నేను తీసేసిన అంకే వచ్చింది.

ఆ పరీక్ష ముందు కూర్చుని ఉండగానే డ్రైవర్ నీ ఉత్తరం తెచ్చాడు. రెండో పేజీలో ఇలా రాశావు, నీ మాటలే మళ్ళీ రాస్తున్నాను: "వంతెనను మోసే పెద్ద ఉక్కు తాళ్ళ మందం లెక్క నువ్వు చెప్పినట్టే మూడు సార్లు నడిపాను అన్నయ్యా. రెండుసార్లు ఇరవై ఆరు మిల్లీమీటర్లు చాలంది. ఒకసారి ముప్ఫై ఎనిమిది కావాలంది. దాని మీద ఏనుగుల్ని నడిపిస్తున్నామా! మన అలిగిన అల్లుణ్ణి సాగనంపేశాను. ఇరవై ఆరువి వచ్చేశాయి, బిగిస్తున్నారు."

మీ వదిన వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడ్డాను.

పోయిన సెలవుల్లో నీ వంతెన లెక్కంతా మన ఇంటి కంప్యూటర్లో ఒక కాపీ దాచుకున్నావు, గుర్తుందా? ఇవాళ పొద్దున్నే పాత ప్రాసెసర్ మీద దాన్ని నడిపాను. మూడు సార్లు కాదు, తొమ్మిది సార్లు. ఆ తూకాలాయన్నీ పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఒక్కో జవాబూ ఆయన తన చేతిరాతతో రాసిపెట్టాడు, ఆ కాగితం ఈ కవర్లోనే ఉంది. తొమ్మిది సార్లూ ఒకటే. ముప్ఫై ఎనిమిది. నువ్వు సాగనంపింది ఒక్క నిజాన్నే తల్లీ.

మీ హెడ్డాఫీసుకు ఫోన్ చేశాను. "లెక్క ఇంజనీరుగారు చేశారు, పైవాళ్ళు సంతకం పెట్టారు, ఆపాలన్నా ఆవిడే రాసివ్వాలి. అయినా మీరెవరండీ?" అన్నాడు గుమాస్తా. వాళ్ళ అన్నయ్యనన్నాను. "అయితే ఆవిడకే చెప్పండి" అని పెట్టేశాడు. మీ కొండ మీద ఫోన్ అందదు, ఉన్న ఒక్క వైర్‌లెస్ నాలుగు రోజులుగా పలకడం లేదట.

వ్యాను ఇవాళ నాలుగింటికి బయల్దేరుతుంది. మనుషుల్ని ఎక్కించుకోకూడదని వాళ్ళ నియమం. కాళ్ళావేళ్ళా పడ్డా డ్రైవర్ వినలేదు, ఉత్తరం మాత్రం నీ చేతికే ఇస్తానని అమ్మ మీద ఒట్టు వేశాడు. శనివారం మధ్యాహ్నానికి చేరుతానంటున్నాడు, దారిలో కొండచరియ పడకపోతే. నేను ఆరింటి బస్సుకు వస్తున్నాను. కొండ కిందనుంచి నడక. వాన పడుతోందని రాశావు, ఎక్కడానికి ఎంతసేపు పడుతుందో తెలియదు. రెండు దారుల్లో రెండు పంపుతున్నాను, ఏదో ఒకటి నీకు ముందు చేరాలి.

అమ్మకు ఏమీ చెప్పలేదు. కన్ను బాగైంది కదా, నా ముఖం చూసి "ఏమైందిరా" అని రెండుసార్లు అడిగింది. చిట్టి వంతెన చూడ్డానికి వెళ్తున్నానన్నాను. "నన్నూ తీసుకెళ్ళు, దాని మీద ఒకసారి నడుస్తాను" అంది.

పనివాళ్ళు నవ్వితే మా అన్నయ్య వెధవ అని చెప్పు. ఎవరినీ ఎక్కనివ్వకు. నీ సంతకంతో ఆపు. ఇన్నాళ్ళూ నా మాట నమ్మావు, ఈ ఒక్కసారికి నమ్మకుండా ఇంకో కంప్యూటర్ మీద లెక్క వేసి చూసుకో. నేను ముందే చేరితే ఈ ఉత్తరం చదవక్కర్లేదు, నా ముఖం చూస్తేనే తెలిసిపోతుంది.

ఇట్లు,
నీకు ఆ పద్ధతి నేర్పిన
అన్నయ్య