పడవకు బదులు తిమింగలం పన్ను

చిరంజీవి ఎమొసికి నాన్నమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. అంటే, నీ కిందటి ఉత్తరం వచ్చాక ఊళ్ళో కొత్తగా ఎవరూ పోలేదు. ఆ ఎడారిలో నువ్వూ క్షేమమనే నమ్ముతున్నాను. శాంతి సేన అని పేరు పెట్టి చేతికి తుపాకీ ఇచ్చినవాళ్ళ మీద మాత్రం నాకు నమ్మకం లేదు.

నా మోకాళ్ళ సంగతి అడిగావు. ప్రార్థనకు వంగవు, కర్రపెండలం తవ్వడానికి వంగుతాయి. పాస్టరుగారు ఇది గమనించారు.

తాతయ్య నీకు వదిలిపోయిన పడవకు రంగు వేయించానా అని కూడా అడిగావు. సైన్యంలో మళ్ళీ సంతకం పెట్టనని, ఆ పడవతో చేపలు పట్టుకుని ఇక్కడే బతుకుతానని రాశావు. దానికి జవాబు రాయలేకే ఇంత ఆలస్యం చేశాను.

పడవ లేదు నాయనా.

మీ సకియుసా మావయ్య చర్చి కప్పుకు సిమెంటు తెస్తానని అడిగి తీసుకెళ్ళాడు. "బస్తాలు తగ్గించరా, ఆటుకు నీళ్ళు తీస్తున్నాయి, అడుగు దిబ్బకు తగులుతుంది" అన్నాను. "దేవుడి సిమెంటు మునగదత్తా" అన్నాడు. దేవుడి సిమెంటు మునిగింది. పడవ పగడపు దిబ్బ మీద నడుముకు విరిగింది. మనిషి మాత్రం ఈదుకుంటూ వచ్చి టీ అడిగాడు.

మరో పడవ ఇప్పించమంటే నవ్వాడు. "సొంతవాళ్ళ మధ్య లెక్కలేంటత్తా?"

బస్సెక్కి పట్నం పోయి చిన్న తగాదాల కోర్టులో కేసు వేశాను. అక్కడికి వకీళ్ళను రానివ్వరు. ఉద్యోగమంతా పిల్లల అబద్ధాలు విన్న పంతులమ్మకు వకీలెందుకు? కిటికీ దగ్గర గుమస్తా శీలా నా దగ్గర చదివిన పిల్లే.

"ఆయన మీకు చుట్టమా టీచర్?"

"చుట్టం కానివాడి మీద వేయాలంటే నేను విమానమెక్కాలమ్మా. రాసుకో."

ఊరు నాతో మాట్లాడటం మానేసింది. కొన్నాళ్ళు ప్రశాంతంగానే ఉంది.

వాయిదా రోజు పొద్దున్నే బస్సుకు బయల్దేరుతుంటే సకియుసా వచ్చి గడప దగ్గర చాప మీద తల వంచుకు కూర్చున్నాడు. పక్కన వాళ్ళ వంశపు పెద్దమనిషి, ఆయన చేతిలో తంబువా. ఆ తిమింగలం పన్ను ముట్టుకుంటే తప్పు మన్నించినట్టే, ఇక ఆ మాట ఎత్తకూడదని నీకు చెప్పేదేముంది! ముట్టుకోకూడదనే నిశ్చయించుకున్నాను.

"కోర్టులో నన్ను నిలబెట్టత్తా, పర్లేదు. ఇక్కడ మాత్రం కాసేపు కూర్చోనీ."

"కూర్చో. నా బస్సు మాత్రం కూర్చోదు."

అప్పుడు పెద్దమనిషి పన్ను పైకెత్తాడు. దాని తాడు చూశాను. కొబ్బరిపీచు తాడు, చివర అడ్డదిడ్డమైన ముడి. అలాంటి ముడి ఈ దీవిలో మీ తాతయ్య ఒక్కడే వేసేవాడు. సకియుసా తల్లి పోయినప్పుడు మనింటి నుంచి తీసుకెళ్ళి శవం దగ్గర పెట్టిన పన్ను అది. వాళ్ళింట్లో మరొకటి లేదు. తల్లి పేరున వచ్చిన ఆ ఒక్కదాన్నీ తెచ్చి నా ముందు పెట్టాడు.

చేతులు చాచి పన్ను అందుకున్నాను. ఆనవాయితీ ప్రకారం వాళ్ళు చప్పట్లు కొట్టారు, మన్నింపు ఖాయమైంది.

తర్వాతి బస్సుకు వెళ్ళి కేసు వెనక్కి తీసుకున్నాను. "తృప్తిగానే తీసుకుంటున్నారా?" అని అడిగాడు విచారించే ఆయన. "లేదు. తీసుకుంటున్నాను, అంతే" అన్నాను.

ఎమొసీ, ఇంతసేపూ రాయలేక దాటవేసిన మాట ఇదే. పడవ నీది, మన్నించింది నేను. నీ నష్టాన్ని మన్నించే హక్కు నాకెవరిచ్చారు? ఆ చాప దగ్గర ఉన్నంతసేపూ నీ పేరు గుర్తుకే రాలేదు. బస్సులో వచ్చింది. ఇక నువ్వు ఆ ఎడారికి మళ్ళీ సంతకం పెట్టక తప్పదు. పెట్టించింది నేనే.

సెలవుకు వచ్చినప్పుడు అదే పన్ను పట్టుకుని అదే గడప దగ్గర నేను కూర్చుంటాను. నీ ముందు నా మోకాళ్ళు వంగుతాయిలే. నువ్వు ముట్టుకోకపోయినా నిన్నేమీ అనను. ముట్టుకోకూడదనుకుంటే మాత్రం, నాయనా, ఆ ముడి కేసి చూడకు.

ఇట్లు,
నీ నాన్నమ్మ,
లితియానా