చుక్క ఏ మూల

జూన్ 3, సాయంత్రం

మా పిల్ల కాలేజీ నుంచి వస్తూనే ఫోన్ నా మొహం ముందు పెట్టింది. ఇందులో ప్రశ్నలుంటాయట. ఒప్పుకుంటావా లేదా అని నొక్కుతూ పోతే మనం లెఫ్టో రైటో, అదీ ఎంత లెఫ్టో ఎంత రైటో చుక్క పెట్టి మరీ చూపిస్తుందట. నేను బస్సు నడిపేదాన్ని, నాకు రెండు వైపులా అద్దాలున్నాయి, అవి చాలు అన్నాను. వినలేదు.

కూరగాయలు తరుగుతూ జవాబులు చెప్పాను. పన్నులు, జైళ్ళు, పెళ్ళిళ్ళు, సరిహద్దులు, కంపెనీలు. నా జన్మలో ఇన్ని విషయాల మీద నా అభిప్రాయం అడిగినవాళ్ళు లేరు. ఇంట్లో వాళ్ళు కూరేమిటని అడుగుతారు. బస్సులో వాళ్ళు ఎప్పుడు కదులుతుందని అడుగుతారు. సగానికొచ్చేసరికి నాకే తెలియకుండా గొంతు పెరిగింది. కత్తి పట్టుకుని పెట్టుబడిదారుల మీద కేకలేస్తున్నానని పిల్ల నవ్వింది.

చివర్లో నాలుగు గదుల పెట్టె ఒకటి వచ్చింది. అడ్డంగా పోతే డబ్బు సంగతులట, నిలువుగా పోతే పెత్తనం సంగతులట. నా చుక్క ఎడమవైపు కింది మూల పడింది. అమ్మా, నువ్వు నాకంటే లెఫ్ట్ అని పిల్ల గంతులేసింది. మా ఆయన సగం ప్రశ్నలకే నిద్రపోయాడు. ఆయనది పక్కా సెంటర్ అని తేల్చేశాం.

నాకూ ఒక మూల ఉందన్నమాట. ఎందుకో బాగుంది.

జూన్ 4

బాబాయికి చెప్పకుండా నేనుండగలనా. బాబాయి అంటే చుట్టమేం కాదు, నా కండక్టర్. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎత్తు మీద గేరు పడక బస్సు వెనక్కి జారుతుంటే, జనాన్ని మాటల్లో పెట్టి నా పరువు కాపాడిన మనిషి. అప్పట్నుంచీ ఇద్దరిదీ ఒకటే బస్సు.

టెర్మినస్‌లో బస్సు తిప్పి పెట్టాక నేను చదివాను, ఆయన చెప్పాడు. పరీక్ష రాస్తున్నంత శ్రద్ధగా, కళ్ళజోడు తుడుచుకుని మరీ చెప్పాడు. ఊరికే ఇస్తే మనిషి పాడైపోతాడు: పూర్తిగా అవును. శిక్షలు ఇంకా గట్టిగా ఉండాలి: పూర్తిగా అవును. పెద్దల మాటకి ఎదురు చెప్పడం నేర్పకూడదు: పూర్తిగా అవును. నేను పూర్తిగా కాదు అన్నవన్నీ ఏరి ఏరి అవునన్నాడు. ఎడ్డెమంటే తెడ్డెం. చుక్క కుడివైపు పై మూలకి పోయి అతుక్కుంది. ఇంకాస్తయితే పెట్టె బయట పడేది.

నాకు నవ్వాగలేదు. నా పెట్టె, ఆయన పెట్టె పక్కపక్కన పెట్టి డిపో గ్రూపులో పడేశాను. ఇన్నాళ్ళూ ఒకే బస్సులో ఉత్తర దక్షిణాలు అని కింద రాశాను. బాబాయి కూడా చూసి నవ్వినట్టే ఉన్నాడు. అద్దంలో సరిగా కనపడలేదు.

జూన్ 5

డిపో అంతా ఒకటే గోల. డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్కులు అందరూ నొక్కారు. క్యాంటీన్ గోడ మీద ఎవరో సుద్దముక్కతో ఆ పెట్టె గీశారు. ఎవరి చుక్క దగ్గర వాళ్ళ బస్సు నంబరు. మధ్యలో రద్దీ. నా మూలలోనూ బాగానే ఉన్నారు. పై కుడి మూలలో మాత్రం ఒక్క చుక్కే.

బాబాయి టీకి రాగానే అందరూ కలిసి రైట్ రైట్ అని అరిచారు. బస్సు కదలడానికి కండక్టర్ అరిచే అరుపే కదా, తమాషాగానే ఉంది. నేనూ నవ్వాను. మెకానిక్ ఒకడు ఆయనకి చెయ్యెత్తి సెల్యూట్ కొట్టి, దొరగారూ నన్ను జైల్లో పెట్టకండి అన్నాడు. బాబాయి గ్లాసు సగంలో పెట్టేసి లేచి వెళ్ళిపోయాడు.

మాట పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఫోన్ దాటినదాని గురించి ఇక చెప్పేదేముంది.

జూన్ 6

బాబాయి డ్యూటీ మార్చమని అడిగాడట. నాతో అనలేదు. డ్యూటీ గుమాస్తా చెప్పాడు.

జూన్ 7

మా డిపోలో డ్రైవర్, కండక్టర్ జంట ఆరు నెలలకోసారి ఖాయమవుతుంది. జూన్ ఆఖరికి ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకం పెట్టి ఇవ్వాలి. ఒక్కరు పెట్టకపోయినా గుమాస్తా ఇష్టం, ఎవరికి ఎవర్ని అంటగట్టినా కిక్కురుమనకూడదు. ఇన్నాళ్ళూ ఆ కాగితం బాబాయే తెచ్చేవాడు. ఇలా పెట్టు అనేవాడు, పెట్టేదాన్ని. ఏం రాసుందో కూడా చూసేదాన్ని కాదు.

ఈ నెలాఖరు దాకా గుమాస్తా నాకు కొత్త కండక్టర్ని వేశాడు. క్యాంటీన్ గోడ చూసి వేశాడట. అతని చుక్క నా చుక్కకి భుజం రాసుకుంటూ ఉంది. జాతకాలు చూసి కలిపినట్టు కలిపాను, ఇంకేం కావాలమ్మా అన్నాడు. ఎందుకు మారావని అడగాల్సింది బాబాయిని. అడగడానికి నోరు రాలేదు.

కొత్తతను ముప్పై దాటినవాడు, నెమ్మదస్తుడు. ఏమన్నా అవునక్కా అంటాడు. పేరు గుర్తు పెట్టుకునే పని లేదు, అవునక్కా అనే రాస్తాను.

జూన్ 8

హాయిగా ఉంది. రోజంతా ఒక్క గొడవ లేదు.

జూన్ 11

కంపెనీలకి ఎంత ఇచ్చినా చాలదు అన్నాను. అవునక్కా అన్నాడు. ఈ టోల్ గేట్లు దోపిడీ అన్నాను. అవునక్కా, పక్కా దోపిడీ అన్నాడు. విసుగెత్తి ఈసారి కావాలనే తలాతోకా లేని మాటొకటి అన్నాను. ఒక్క క్షణం ఆలోచించి, మీ కోణంలో అవునక్కా అన్నాడు. తానా అంటే తందానా. నా మాటలే తిరిగి నాకు వడ్డిస్తుంటే, నేనింత అరిగిపోయిన రికార్డునా అని మొదటిసారి అనుమానం వచ్చింది.

కానీ అబద్ధం రాయకూడదు. టెర్మినస్‌లో ఆడవాళ్ళ బాత్రూంకి ఎప్పట్నుంచో తాళం. బాబాయిని అడిగినప్పుడల్లా సర్దుకోవాలమ్మా, ఉద్యోగమంటే అంతే అనేవాడు. అవునక్కా నాలుగు రోజులు తిరిగి, అందరి చేతా సంతకాలు పెట్టించి, తాళం తీయించాడు. ఈరోజు తాళంచెవి నా చేతిలో పెట్టాడు. ఇది మన హక్కు అక్కా అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అయినా ఇంటికొచ్చి కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను. ఎందుకో తెలియడం లేదు.

జూన్ 13

ఆ పరీక్ష మళ్ళీ రాశాను. పొద్దున డ్యూటీకి వెళ్ళేముందు నా మూలలోనే ఉన్నాను. మధ్యాహ్నం సిగ్నల్ దగ్గర ఒకడు కారు అడ్డం పెట్టి నన్నే తిట్టాడు. ఆ వేడిలో రాస్తే చుక్క పైకి ఎక్కింది. శిక్షల ప్రశ్నలన్నింటికీ పూర్తిగా అవును. అన్నం తిన్నాక మళ్ళీ కిందికి దిగింది. ఆకలేస్తే నేను నియంతని, కడుపు నిండితే ప్రజాస్వామ్యం. పిల్లకి చెబితే ఏ ఎండకా గొడుగు అంది.

జూన్ 14

బాబాయి జవాబులతో రాసి చూద్దామనుకున్నాను. చుక్క ఆయన మూలకి పోతుందా అని. సగం దాకా పరవాలేదు. కార్మికులకి సమ్మె చేసే హక్కుండాలా అన్నచోట ఆగిపోయాను. ఆయన ఏమన్నాడో గుర్తు రాలేదు. కిందటిసారి సమ్మెలో ఆయన ఉన్నాడా, లేడా? నా పక్కనే ఉన్నాడు కదా. ఉన్నాడు. జెండా పట్టుకోలేదు గానీ ఉన్నాడు. దీనికి ఏది నొక్కాలి? ఫోన్ మూసేశాను.

జూన్ 17

రాయాలని లేదు. రాస్తాను.

పొద్దున రెండో ట్రిప్పు. వాన. ఆసుపత్రి స్టాపులో ఒక పెద్దావిడ ఎక్కింది, చేతిలో ఎక్స్‌రే కవరు. పర్సు ఎక్కడో పోయినట్టుంది, బ్యాగంతా వెతుక్కుంటోంది. లోపలి అద్దంలో నాకు కనిపిస్తూనే ఉంది. అవునక్కా మర్యాదగానే మాట్లాడాడు. మీలాంటివాళ్ళకి ప్రయాణం ఉచితంగా ఉండాలమ్మా, ప్రభుత్వం చేయాలి, చేయడం లేదు, నేనేం చేయను అన్నాడు. ఆ తర్వాత హోల్డాన్ అన్నాడు. అక్కడ స్టాపు లేదు. గోడౌన్ల గోడ. ఆపాను. ఆవిడ కవరు నెత్తిన పెట్టుకుని దిగింది. రైట్ రైట్ అన్నాడు. కదిలాను.

అదీ నేను చేసింది. కదిలాను. ఆ మాట చెవిన పడితే నా కాలు నన్నడగదు. అలవాటు. మలుపు తిరిగాక గానీ ఏం చేశానో తెలియలేదు. అప్పటికి అద్దంలో వాన తప్ప ఏమీ లేదు.

టెర్మినస్‌లో అడిగాను. చెకింగ్ వాళ్ళొస్తే సస్పెండయ్యేది నేనక్కా, ఇదివరకు ఒకసారి అయ్యాను, ఇంట్లో పొయ్యి వెలగలేదు అన్నాడు. మార్చాల్సింది వ్యవస్థనక్కా అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. అతను చెప్పిందాంట్లో ఏ ముక్కా తప్పు కాదు. అందుకే ఒళ్ళు మండింది.

బాబాయైతే ఏం చేసేవాడో నాకు తెలుసు. పర్సు చూసుకోకుండా గడప ఎలా దాటావమ్మా, బస్సేమైనా సత్రమా అని బస్సంతా వినేలా తిడుతూ, తిడుతూనే తన జేబులోంచి టికెట్ కొట్టి చేతిలో పెట్టేవాడు. ఆ తిట్లు పడలేక దిగిపోయినవాళ్ళూ ఉన్నారు. అదే బాబాయి, మూటలతో నిలబడ్డ కూలీ కుటుంబాన్ని సీట్లు పాడవుతాయని ఎక్కించుకోలేదు ఒకసారి. అదీ మరిచిపోలేదు. ఆరోజు నేను ఇంజిన్ ఆపేసి, వాళ్ళెక్కేదాకా కదలనని కూర్చున్నాను. బస్సంతా నన్ను తిట్టింది. వాళ్ళు ఎక్కారు. బాబాయి రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆరోజు కదలనన్నదాన్ని ఈరోజు ఎందుకు కదిలాను? పక్కనున్నవాడు మనవాడే కదా, వాడికి తెలియదా అనుకున్నాను. అంతకంటే వేరే కారణం ఎంత వెతికినా దొరకలేదు.

జూన్ 18

ఈరోజూ వాన. గోడౌన్ల దగ్గర స్లో చేశాను. ఎవరూ లేరు.

జూన్ 21

క్యాంటీన్ గోడ మీది పెట్టెని తడిగుడ్డతో తుడిచేశాను. సుద్ద పోయింది గానీ మరక పోలేదు. గ్రూపులో నా పోస్టు తీసేసి, బాబాయి పెట్టె ఆయన్ని అడక్కుండా పెట్టాను, తప్పు నాది అని రాశాను. చేతులు కాలాక ఆకులు. మెకానిక్ బొటనవేలు బొమ్మ పెట్టాడు. బాబాయి చూసినట్టు నీలం గీతలు పడ్డాయి. జవాబు లేదు.

ఈ నెల దాటితే మళ్ళీ డిసెంబరు దాకా ఏమీ చేయలేను. అప్పటికి ఆయనకి ఇంకో డ్రైవర్ అలవాటైపోతుంది.

జూన్ 25

బస్సులు కడిగే చోట పట్టుకున్నాను. టికెట్ మిషన్ తుడుచుకుంటున్నాడు. కొత్త డ్రైవర్ ఎలా ఉన్నాడని అడిగాను. ఆయన చుక్కకి ఉన్నంతలో దగ్గర చుక్కట, గుమాస్తా అక్కడా గోడే చూశాడు. ఫ్యాను గురించి రోజూ కొట్టుకుంటున్నాం అన్నాడు. నవ్వలేదు.

పెద్దావిడ సంగతి చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు, ఇంకెవరికీ చెప్పలేదు. చూశావా మీవాడు అంటాడనుకున్నాను. అనలేదు. మరి నువ్వేం చేశావు అని అడిగాడు. రైట్ అన్నాడు, కదిలాను అన్నాను. ఆయన మిషన్ తుడుస్తూనే ఉన్నాడు. అప్పటికే అది మెరిసిపోతోంది.

నా కోపం దేని గురించో నీకు తెలుసా అన్నాడు. నన్ను వాళ్ళందరి ముందూ పెట్టావని అనుకుంటున్నావు, అది కాదు. ఇన్నేళ్ళు వెనకాల సీట్లో నన్ను చూశావు. నా మంచీ నా మొండితనం అన్నీ చూశావు. అది చాలలేదా నీకు? నేనెవరో ఫోన్ చెబితే గానీ తెలియలేదా? అని అడిగాడు.

ఏడుపు వచ్చింది. బస్సులు కడిగే చోట కదా, ఎవరూ పట్టించుకోలేదు. కాగితం తీసి చూపించాను, నా సంతకం అప్పటికే పెట్టేశాను. దాన్ని ఒకసారి చూసి, చూద్దాం అని వెళ్ళిపోయాడు.

జూన్ 28

చూద్దాం అంటే ఏమిటి?

జూన్ 29

అవునక్కాకి చెప్పాను, నా కాగితం మీద ఇంకొకరి పేరు రాశానని. అవునక్కా అన్నాడు. బాధపడ్డావా అంటే కొంచెం అన్నాడు. మొదటిసారి అవునక్కా కాకుండా తన మనసులో మాట అన్నాడు. ముందే ఇలా మాట్లాడి ఉంటే ఎలా ఉండేదో.

జూన్ 30, మధ్యాహ్నం

టెర్మినస్. బస్సు ఖాళీ. బాబాయి ఎక్కి ఫోన్ ఇటివ్వు అన్నాడు. ఆ పరీక్ష తెరవమన్నాడు. నా తరఫున ఆయనే నొక్కుతానన్నాడు, నోరు తెరవొద్దన్నాడు. ఒక్కటీ నన్నడగకుండా నొక్కుతూ పోయాడు.

తప్పు జరుగుతుంటే చూస్తూ ఊరుకోవడం కూడా తప్పే. ఈ ప్రశ్న వచ్చిన ప్రతిసారీ నేను పూర్తిగా అవును అనే నొక్కాను. బాబాయి వేలు అక్కడ ఆగింది. నా మొహం చూశాడు. కొంతవరకు అవును అని నొక్కాడు.

నేను కాదనలేదు.

చుక్క ఎక్కడ పడిందో రాయను. కాగితం మీద సంతకం పెట్టాడు. టైమైంది, తియ్యమ్మా బండి అన్నాడు.