నా చెయ్యి లేవనంటోంది

14 సెప్టెంబరు 1976
ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి. ఉండనీ, చదివేదెవరు?

నాలుగు రోజులుగా కుడి చెయ్యి లేవడం లేదు. నొప్పి లేదు, వాపు లేదు. భుజం నుంచి తడిబట్టలా వేలాడుతోంది. దువ్వెన పట్టలేను, సిరంజి పట్టలేను. చెయ్యి పడిపోయిన నర్సుకి ఇక మిగిలేది నోరే. అది మాత్రం బాగానే ఉంది.

15 సెప్టెంబరు
హెల్త్ ఇన్‌స్పెక్టర్ వరహాలరావు గారు సెంటర్‌కొచ్చి నా చెయ్యి పైకెత్తి వదిలారు. టప్పున పడింది. ఏటి రాజులమ్మా, నాటకాలు సేత్తన్నావా, నీ టార్గెట్‌కి ఇంకా పదకొండు ఫ్యామిలీ ప్లానింగు ఆపరేషన్లు రావాల, ఉజ్జోగం మీద ఆశ ఉందా లేదా అన్నారు.

నాటకమైతే ఇంతకన్నా మంచి వేషం వేసుకునేదాన్ని అన్నాను.

20 సెప్టెంబరు
టైడాలో రైలెక్కి విశాఖపట్నం వచ్చాను. ఒక ప్రైవేటు డాక్టరు ఎక్స్‌రే తీయించాడు. ఎముక బాగుందట, నరాలు బాగున్నాయట. పెళ్లయిందా అని అడిగాడు. లేదన్నాను. అదీ సంగతి అన్నట్టు తలూపి, చీటీ మీద హిస్టీరియా అని ఇంగ్లీషులో రాశాడు. నాకు చదవడం రాదనుకున్నాడు కాబోలు. పెళ్లి చేసుకుంటే చెయ్యి లేస్తుందా డాక్టరు గారూ అని అడిగాను. నవ్వలేదు. ఫిజియోథెరపీకి పొమ్మన్నాడు.

21 సెప్టెంబరు
ఫిజియోథెరపీ గదిలో కనక గారని ఒకావిడ. యాభై ఏళ్లుంటాయి. లాగుతుంది, నూనె రాస్తుంది అనుకున్నాను. ఏమీ చెయ్యలేదు. కళ్లు మూసుకోమని, భుజం కింద అరచెయ్యి ఆనించి ఊరికే కూర్చుంది. చాలాసేపు. కంగారెట్టకమ్మా, సేతిక్కూడా సెప్పుకోవాలనుంటాది అంది. తరవాత మెల్లిగా, ఈ సెయ్యి ఆకర్న ఏం పని సేసింది అని అడిగింది.

తెలీదన్నాను.

తెల్దంటే మరి పళ్లెందుకు బిగించేవు అంది.

ఒళ్లు మండిపోయింది. నువ్వెవరు నన్నడగడానికి అని లేచొచ్చేశాను. చెప్పులక్కడే మర్చిపోయాను. స్టేషన్‌దాకా ఒట్టి కాళ్లతో నడిచాను.

2 అక్టోబరు
తెలుసు.

3 అక్టోబరు
రాసేస్తాను. రాయకపోతే గొంతు కూడా పడిపోయేట్టుంది.

సెప్టెంబరు పదో తారీఖు, ఆపరేషన్ల క్యాంపు. సాయంత్రానికి క్యాంపు లెక్కకి ఒక మనిషి తగ్గాడు. అప్పుడే కొండ మీంచి గాసి దిగొచ్చాడు, వాళ్లమ్మ సోములమ్మకి దగ్గు మందు కోసం. ఇరవై రెండేళ్లవాడు. పెళ్లి కాలేదు, కుదిరింది. పంట ఇంటికొచ్చాక ముహూర్తం. వరహాలరావు గారు ఫారం మీద వయసు ముప్ఫయ్యయిదు, ఇద్దరు పిల్లలు అని రాశారు. నేను చూస్తూనే ఉన్నాను.

బల్ల మీద కూర్చోబెడితే గాసి నాకేసి చూసి, ఏటక్కా ఇది అన్నాడు. జొరం రాకుండా సూది అన్నాను. ఆ మాట ఎవరూ నా నోట్లో పెట్టలేదు, నేనే అన్నాను. వాళ్లక్కకి పురుడు పోసింది నేనే గనక నమ్మాడు. మధ్యలో లేవబోయాడు. మణికట్టు పట్టుకుని పడుకోబెట్టాను. ఈ కుడి చేత్తోనే.

పొద్దున లేచేసరికి చెయ్యి లేదు.

పడిపోయిందని ఊరంతా జాలి పడుతోంది. పడిపోవడమేమిటి? నాకన్నా ముందు సమ్మెకి దిగింది. నా ఒంట్లో సిగ్గున్నది దానికొక్కదానికే.

9 అక్టోబరు
ఇరవయ్యో తారీఖున మళ్లీ క్యాంపట. పదకొండుమందిని బేగి తెమ్మన్నారు వరహాలరావు గారు. అందరి ముందూ చెప్పాను, ఒక్కణ్ణి కూడా తేనని. సస్పెండ్ సేయిత్తాను, అసలే ఎమర్జెన్సీ, రోజులు బాగోలేవు, లోపలేసినా అడిగే నాథుడుండడు అన్నారు. నా పేరు ఇంటిపేరుతో సహా రాసుకోండి అన్నాను.

అప్పుడైనా చెయ్యి లేస్తుందనుకున్నాను. సినిమాలో అయితే లేచేది. కదల్లేదు.

17 అక్టోబరు
సస్పెన్షన్ కాగితం వచ్చింది. దాంతోపాటే కనక గారి జవాబు. పేర్లు లేకుండా అంతా ఆవిడకి రాసి పంపాను. ఆ ఆపరేషన్‌లో కోసిన నరం మళ్లీ కలిపే డాక్టరు పట్నంలో ఉన్నాడట. ఎంత తొందరగా వెళ్తే అంత మంచిదట. అయినా ఖాయం కాదట. చెప్పులు దాచి ఉంచిందట.

18 అక్టోబరు
చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. నేను పెట్టె సర్దుకుని మా ఊరికి దిగిపోతాను. గాసి పెళ్లి చేసుకుంటాడు. పిల్లలు పుట్టరు. ఆ పిల్లని గొడ్రాలంటారు. గాసి కూడా అంటాడేమో. నా పేరెవరూ ఎత్తరు.

భయంగా ఉంది. భయముంటే ఉండనీ, అది కూడా నాతోపాటే కొండెక్కుతుంది.

19 అక్టోబరు, సాయంత్రం
గాసి వాళ్ల గుమ్మంలో నిలబడి అంతా చెప్పాను. అది సూది కాదని, పిల్లలు పుట్టకుండా చేసిన ఆపరేషనని, మణికట్టు పట్టుకున్నది నేనేనని. పట్నం నేనే తీసుకెళ్తానని, ఎవరడిగినా వరహాలరావు గారి పేరూ నా పేరూ చెప్తానని. గాసి తన మణికట్టు తడుముకున్నాడు.

సోములమ్మ లేచొచ్చి చెయ్యెత్తింది. నా కుడి చెయ్యి లేచి మొహానికి అడ్డొచ్చింది. మొదటి దెబ్బ దాని మీద పడింది.

దించేశాను. నేనే దించాను. రెండోది చెంప మీద తగిలింది.