సెలవు రద్దయిన పెళ్లికొడుకు

గద్వాల
శుక్రవారం

ప్రియమైన శ్రవణ్ బావకు,

సరిహద్దుకు చేరాక మీ దగ్గర ఫోన్లు తీసేసుకున్నారని, ఉత్తరాలైతే అందుతాయని నీతో పనిచేసే బాలరాజు ఇంటివాళ్లు చెప్పారు. అందుకే మొదటిసారి ఇంత పెద్ద కాగితం ముందేసుకుని కూర్చున్నాను.

ఇక్కడ యుద్ధం మా మగ్గాల మధ్యనే మొదలైంది. గద్వాల స్టేషన్ మీదుగా టార్పాలిన్లు కప్పిన ఫిరంగులతో రైలు పోయిందట. అది చూసొచ్చినప్పటి నుంచి పక్కింటి ఆశన్న పెదనాన్న యుద్ధం తప్పదంటాడు. నాన్న కాదంటాడు. టీవీలో ఏ దేశం మనవైపు మాట్లాడినా మగ్గం ఆపి, "సూసినవా ఆశన్నా, ఇంకొకడు మన దిక్కొచ్చిండు. ఇగ వాళ్లు ఎనుకకు జరుగుతరు" అంటాడు.

"వాళ్ల దిక్కు గూడ ఒకడు చేరిండు, గది చెప్పవేంది?" అంటాడు పెదనాన్న.

ఇద్దరూ అలిగి మాటలు మానేశారు. చాయ్ మాత్రం కలిసే తాగుతున్నారు. మొన్న ఊళ్లో పరీక్షకని సైరన్ మోగిస్తే అమ్మ పొయ్యి ఆర్పేసి, నన్ను లాక్కుని మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంటలోకి దిగింది. సైరన్ ఆగినా చాలాసేపు పైకి రానివ్వలేదు.

నవ్వుతున్నావా? నవ్వు. ఇప్పుడు అసలు సంగతి. నీ సెలవు రద్దయి మన పెళ్లి ఆగిన రోజు నువ్వు ఫోన్‌లో అన్న మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. "నేనొస్తనో రానో తెల్వదు ఉమా, నువ్వు వేరే సంబంధం చూసుకో" అన్నావు. నేను అందరితో "బావ జర ఆగమన్నడు" అని చెప్పాను. పైకి నవ్వుతూనే నేస్తున్నాను. పోగు తెగితే మాత్రం ఏడుపొస్తుంది. ఇంత చిన్నదానికి ఏడుపేమిటని అమ్మ ఆశ్చర్యపోతుంది.

నిన్న మీ అమ్మ, మా జములమ్మ అత్త, అమరచింత నుంచి ఒక్కతే బస్సెక్కి వచ్చింది. వచ్చీ రాగానే నాన్న ముందు కూర్చుని, "అన్నా, పిల్ల బతుకు నా కొడుకు కోసం ఆపొద్దు. ఇచ్చిన మాట నేనే వాపసు తీసుకుంట" అంది. తల్లీకొడుకులు ఒకే మాట అనడం ఎక్కడ నేర్చుకున్నారో మరి.

నాన్న నా వైపు చూశాడు. "ఏమంటవ్ బిడ్డా?"

మగ్గం మీంచి లేచి వచ్చాను. "నేనైతే వాపసియ్య. అత్తా, నువ్వు ఈడనే ఉండు. ఆడ ఒక్కదానివే టీవీ సూసుకుంట పరేషాన్ కావద్దు" అన్నాను. సాయంత్రానికి అత్త రాట్నం ముందు కూర్చుని నాకు నూలు చుట్టివ్వడం మొదలుపెట్టింది.

అందుకే నీకూ చెబుతున్నాను. యుద్ధం వచ్చినా రాకపోయినా నాకు వేరే సంబంధం అక్కర్లేదు. నేను నచ్చకపోతే నచ్చలేదని చెప్పు. యుద్ధం పేరు చెప్పకు.

నీ మాట వినని
ఉమారాణి

* * *

సరిహద్దు నుంచి
ఆదివారం

నా ఉమకు,

నీ ఉత్తరం వారం దాటాక అందింది, బంకర్‌లో చదివాను. మీ అమ్మ మగ్గం గుంటలోకి దిగిందన్న చోట నవ్వు ఆపుకోలేకపోతే సుబేదార్ సాబ్ వచ్చి సంగతేమిటని అడిగాడు. అంతవరకు చదివి వినిపించాను. తర్వాతది వినిపించకుండా మడిచి జేబులో పెట్టుకున్నాను.

నీకు ఫోన్ చేసిన రోజు ఇక్కడ మందుగుండు లారీలు వరసగా వస్తున్నాయి. ఫోన్లు ఇచ్చేయమన్నారు. నువ్వు నా కోసం ఏడుస్తూ కూర్చుంటావేమోనని భయమేసింది. ఆ భయంలో ఆ మాట అనేశాను. నిన్ను వద్దనుకోవడం నా వల్ల కాదు ఉమా.

ఇప్పుడు రెండు వైపుల అధికారులూ కూర్చుని మాట్లాడుకున్నారు. ముందుకు తెచ్చిన ఫిరంగులు వెనక్కి పోతున్నాయి. నాకు సెలవు మంజూరైంది. ఫోన్లు కూడా తిరిగిచ్చారు. నీకు చేయలేదు, ఈ మాటలు నోటితో చెప్పలేనని. అమ్మకు మాత్రం చేశాను. ఈ ఉత్తరం కంటే ముందే ఆమె మీ అందరికీ చెప్పే ఉంటుంది.

"అమ్మా, నువ్వు అమరచింతకు పో. ఇంటికి సున్నమేయించు. నేనొస్తున్న" అన్నాను.

"నేనెందుకు పోత? నాకు కోడలి దగ్గర మంచిగుంది. పెండ్లి చేసుకునేటోనివి నువ్వు, నువ్వే సక్కగ గద్వాలకు రా" అంది.

ఎంత చెప్పినా వినలేదు. పెళ్లయ్యాక ఆమెను అమరచింతకు తీసుకుపోవడం ఇక నీ చేతుల్లోనే ఉంది. నన్ను కూడా.

వస్తున్నాను,
నీ శ్రవణ్