తమ్ముడి మిషనులో ఏది ఎక్కించాలి

4 నవంబరు 2025, మంగళవారం

సందీప్ ఈ రోజు డయాలసిస్‌కి రాలేదు. స్కూటర్ స్టార్ట్ చేసి వీధిలో నిలబడ్డాను. వాడు మంచం దిగలేదు. "నాలుగు గంటలు ఆ ఫ్యాను వంక చూస్తా పడుకోవడం నా వల్ల కాదన్నా. ఈసారికి నువ్వు పడుకో పో" అన్నాడు. వాడికి ఇరవై ఆరేళ్ళు. రెండు కిడ్నీలూ పోయాయి. మంగళ, గురు, శనివారాలు తప్పకూడదు. డాక్టరు ఫోన్‌లో నన్ను తిట్టారు. ఇలాగే మానేస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుందన్నారు.

ఏం కావాలిరా అని అడిగితే, ఆడుకోవడానికి ఏదన్నా ఉంటే వస్తానన్నాడు. సూదులున్న ఎడమ చేయి పైకి లేపకూడదు, అందుకని ఫోన్ పట్టుకోలేడు. దిండుకి ఆనించి వేళ్ళతో బటన్లు నొక్కే చిన్న గేమింగ్ కంప్యూటర్లు ఉన్నాయట. వాడి స్నేహితుడు ముజాహిద్‌కి వినుకొండలో బైక్ మెకానిక్ షాపు ఉంది. తెలిసినవాళ్ళ దగ్గర సెకండ్‌హ్యాండ్‌ది ఒకటి ఉందని, బస్సులో వేసి పంపుతానన్నాడు.

5, బుధవారం

వచ్చింది. లోపల విండోస్ ఉంది. అమ్మ ముందు దాన్ని దేవుడి గూట్లో పెట్టింది.

6, గురువారం, సాయంత్రం

వాడు వచ్చాడు. అదొక్కటే మంచి. మిగతాదంతా విసుగు. ఆట మొదలెట్టగానే అప్‌డేట్ అడిగింది. ఇంటి దగ్గరే చేసి పెట్టాల్సింది, నా పొరపాటు. అక్షరాలు ఆవగింజల్లా ఉన్నాయి. నర్సు బీపీ చూడటానికి వచ్చినప్పుడు స్లీప్‌లో పెట్టాడు. తెరిస్తే ఆట పోయింది. పైగా ఆటలో మనిషి ఎవరూ తోయకుండానే ఎడమకి నడిచిపోతున్నాడు. సందీప్ మిషను నా చేతిలో పెట్టి, "తాగినోడిలా పోతన్నాడన్నా" అన్నాడు.

విండోస్ తీసేసి లినక్స్ ఎక్కిస్తే స్లీప్ బాగా పనిచేస్తుందని యూట్యూబ్‌లో నలుగురు చెప్పారు. నేను ఎరువుల షాపులో లెక్కలు రాస్తాను. కంప్యూటర్ అక్కడ చూసి చూసి నేర్చుకున్నదే. ఇదీ వస్తుంది.

7, శుక్రవారం

రాలేదు. లినక్స్ ఎక్కించే పెన్‌డ్రైవ్‌ని మిషను గుర్తించలేదు. మార్చాను. సగం ఎక్కి ఆగిపోయింది. అమ్మ అన్నానికి మూడుసార్లు పిలిచి, "కేశవులూ, దాన్నే తింటావేందిరా" అంది. సాయంత్రానికి ఎక్కింది. ఆట మధ్యలో స్లీప్‌లో పెట్టి, టీ తాగి వచ్చి తెరిస్తే అక్కడే ఉంది. అక్షరాలు పెద్దవి. మనిషి మాత్రం ఇంకా ఎడమకే నడుస్తున్నాడు.

8, శనివారం

సందీప్ వచ్చాడు. ఏదో కారు ఆట కాసేపు ఆడి మూసేశాడట. ఇంత చేసినా మొహంలో కళ లేదు.

ముజాహిద్ ఫోన్ చేశాడు. "అన్నా, వాడేంది ఆన్‌లైన్‌కి రాలా? గురువారం మేమిద్దరం కలిసి ఆడాం. ఈ రోజు షాపు మూసుకుని కూర్చున్నా" అన్నాడు. వాళ్ళు ఆడేది తుపాకుల ఆట. లినక్స్‌లో అది తెరుచుకోవడం లేదు.

9, ఆదివారం

పగలంతా దాని మీదే పోయింది. ఫోరంలు అన్నీ ఒకటే చెబుతున్నాయి. దొంగాట పట్టుకునే ప్రోగ్రాం ఒకటి ఆ ఆటలో ఉంది, అది లినక్స్‌ని రానివ్వదు. నా చేతిలో ఏమీ లేదు.

కోపంతో, ఆటలో మనిషిని నడిపే ఎడమ స్టిక్ దగ్గర మూత విప్పాను. లోపలంతా ఎర్రగా ఉంది. కుంకుమ. బయలుదేరే ప్రతిసారీ అమ్మ ఆ స్టిక్ నెత్తిన బొట్టు పెడుతోంది. ఇదేందమ్మా అంటే, "నీ స్కూటర్‌కి పెట్టలా? అది నిన్నెప్పుడన్నా ఎడమకి లాక్కుపోయిందా?" అంది. బ్రష్‌తో దులిపాను. మనిషి ఆగాడు. ఇక నుంచి బొట్టు సంచికే పెట్టమన్నాను. ఒప్పుకుంది గానీ సంతోషంగా కాదు.

ఆ తప్పుకి ముందు విండోస్‌ని, తర్వాత లినక్స్‌ని తిట్టుకున్నాను.

10, సోమవారం

విండోస్, లినక్స్ రెండూ ఎక్కిద్దామని చూశాను. ఆ ఆట ఒక్కటే సగం డిస్క్ తింటుంది. చోటు చాల్లేదు.

11, మంగళవారం

ఉదయం గోడవైపు తిరిగి పడుకున్నాడు. రానన్నాడు. నాకు ఒళ్ళు మండింది. స్టిక్ బాగుచేశాను, స్లీప్ బాగుచేశాను, ఇంకేం చేయాలిరా అన్నాను. మా ఇంట్లో నేను గొంతు పెంచి చానా ఏళ్ళయింది.

వాడు ఇటు తిరిగాడు. "ఆడేది నేనా నువ్వా? ఏది కావాలిరా అని ఒక్కసారి అడిగావా? ఆట ఎవడిక్కావాలన్నా. ముజ్జూగాడు చెవిలో బూతులు తిడతా ఉంటే టైం తెలవదు. అక్కడ నాతో మాట్లాడేదెవరు? నువ్వు వస్తావు, వరండాలో కూర్చుంటావు, ఇంటికి తెస్తావు. అంతే" అన్నాడు.

నిజమే. లోపలికి వెళ్ళి ఏం మాట్లాడాలో నాకు తెలియదు.

విండోస్ మళ్ళీ ఎక్కించాను. వాడు చొక్కా వేసుకుని పక్కనే కూర్చున్నాడు. స్లీప్‌లో ఆట పోతుందిరా అంటే, "పోతే పోనీ, మళ్ళీ మొదలెడతాం" అన్నాడు. ఆట డౌన్‌లోడ్ అయ్యేసరికి మధ్యాహ్నమైంది. ఆలస్యంగా వచ్చామని నర్సు ఇద్దరినీ కలిపి తిట్టింది. కాసేపటికి వార్డులోంచి వాడి గొంతు వినిపించింది. "ఒరేయ్ ముజ్జూ, బైకుల్లో నట్లు బిగించుకో పోరా, నీకెందుకురా తుపాకీ!"

నాలుగు రోజుల నా పని నీళ్ళపాలు. అయినా వరండాలోంచి మధ్యలో లేచిపోదామని నాకనిపించలేదు.

12, బుధవారం

షాపు, ఇల్లు. రాయడానికేమీ లేదు.

13, గురువారం

ముజాహిద్ వాళ్ళ చెల్లెలి పెళ్ళిచూపులు. రాలేనన్నాడు. ఆ మాట విని సందీప్ ఆసుపత్రి గేటు దగ్గర ఆగిపోయాడు. నువ్వు లోపలికి నడువు, ఆటలోకి ఒకడు వస్తాడు అన్నాను.

ఫోన్‌లోనూ ఆడొచ్చట, వరండాలో కూర్చుని నా ఫోన్‌లో ఆ ఆట పెట్టుకున్నాను. పేరు అడిగితే నా పేరే కొట్టి వాడి ఆటలో చేరాను.

గోడ అవతల నుంచి కేక వినిపించింది. "ఆ గడ్డివాము ఎనక నిలబడింది మా అన్న! ఎవడూ కాల్చమాకండి, వాడు నాకు కావాలి!"

పరిగెత్తడానికి ఏ బటనో నాకింకా తెలియదు.